బెత్తెడు దూరంలో లోకం

కుముద కళ్ళజోడు మడ అడవి బురదలో పడిపోయింది.

కాకినాడకు దగ్గర్లో ఉన్న కోరింగ అడవిలో, చెక్కవంతెన మీద నిలబడి, ఒక తెల్లమడ కొమ్మను అందుకోవడానికి ఆమె కమ్మీ మీదుగా వంగింది. బరువైన అద్దాలు ముక్కు మీంచి జారాయి. పట్టుకోబోయేలోపే కమ్మీకి తగిలి కింద పడి, మెత్తటి నల్లబురదలోకి దిగిపోయాయి. అంతే, అడవి మొత్తం చెరిగిపోయింది. చెట్లు ఆకుపచ్చ మరకలయ్యాయి. అటుగా వెళ్తున్న మనుషులు కదిలే రంగులయ్యారు. తన కాళ్ళ కింది చెక్క ఎక్కడ అయిపోతుందో కూడా తెలియలేదు.

నలభై ఒకటేళ్ళ కుముదకు రెండు కళ్ళకూ మైనస్ పదకొండు పవరు. ఫోను ముక్కుకు ఆనించుకుని భర్త నంబరు వెతికింది.

"నిరంజన్, కళ్ళజోడు పోయింది. బీరువాలో పాతజోడు ఉంటుంది, పట్టుకురా."

"నువ్వెక్కడున్నావ్?"

"వంతెన మీదే. కూచున్నాలే. కంగారుపడకు."

"కదలకు. అస్సలు కదలకు," అన్నాడు నిరంజన్. కారు తాళాలు తీసుకుంటున్న చప్పుడు ఆమెకు ఫోన్లోనే వినబడింది.

అతను ఆయాసపడుతూ వచ్చేసరికి కుముద వంతెన మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. తెల్లమడ ఆకును కంటికి బెత్తెడు దూరంలో పట్టుకుని చూస్తూ, ఒళ్ళో ఉన్న అట్ట మీద పెన్సిలుతో గీస్తోంది. ఆకు బొమ్మ అప్పటికే సగం పూర్తయింది. నిరంజన్ అదేమీ గమనించలేదు. జోడు ఆమె ముక్కు మీద పెట్టి, ఆ పక్కనే కూలబడ్డాడు.

"ఇంక ఈ అద్దాలు చాలు, కుముదా. ఏదో ఒకటి తేల్చుకుందాం."

ఏం తేల్చుకోవాలన్నది ఆ ఇంట్లో పాత చర్చే. కళ్ళజోడు ముక్కుకిరువైపులా గుంటలు పెట్టింది. వానొస్తే తడుస్తుంది, వంటింట్లోకి వెళ్తే ఆవిరి కమ్ముతుంది. కాంటాక్ట్ లెన్సులు రెండుసార్లు ప్రయత్నించారు. మడ అడవిలో ఉప్పుగాలికీ బురదకూ కళ్ళు ఎర్రబడి, రెండోసారి పుండే పడింది. ఇక లేజర్. కంటి డాక్టరు తస్లీమ్ పరీక్షలన్నీ చేసి తల అడ్డంగా ఊపింది. "మీ కార్నియా బాగా పలచన, కుముదగారూ. అంత పవరు పోయేదాకా చెక్కితే మిగిలేది ఉల్లిపొరే. నేను చెయ్యను, ఇంకెవరైనా చేస్తామన్నా ఒప్పుకోకండి." కంటి లోపల లెన్సు పెట్టే ఆపరేషనుకు కుముదకే ధైర్యం చాలలేదు.

అయితే ఆ ఏడాది నాలుగో దారి ఒకటి తెరుచుకుంది. దాన్ని కనిపెట్టింది నిరంజనే.

ఆరేళ్ళ కిందట కుముద, మడ అడవి మీద వేస్తున్న ఒక పుస్తకం కోసం, బురద మీద గెంతే చేప బొమ్మ గీసింది. నీళ్ళలోనూ బయటా కూడా చూడగలిగే చేప అది. దాని కంటి మీద ఒక పల్చటి పారదర్శకమైన పొర ఉందనీ, వెలుగును బట్టి ఆ పొర వంపు మారుతోందనీ ఆమె బొమ్మ పక్కన రాసింది. కాకినాడ సముద్రతీరంలో ఒక పరిశోధనశాలలో పనిచేసే నిరంజన్ ఆ మాట చదివి భోంచేస్తున్నవాడు చెయ్యి ఆపేశాడు. ఆ పొరలోని మాంసకృత్తులను విడదీసి, మనిషి కంటికి పనికొచ్చేలా మలచడానికి అతనికి ఆరేళ్ళు పట్టింది. ఇప్పుడది కంట్లో వేసే చుక్క. వేయగానే కార్నియా మీద పొరలా పరుచుకుంటుంది. సన్నటి నీలికాంతితో దాన్ని కావలసిన వంపుకు తీర్చుతారు. కత్తి లేదు, కోత లేదు. ప్రయోగశాలలో దానికి 'పొరచుక్క' అని పేరు పెట్టుకున్నారు.

"కంటికి పొర కమ్మడం గొప్పా? ఇంకే పేరూ దొరకలేదట్రా?" అంది నిరంజన్ తల్లి సత్యవతి. ఆవిడ హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైంది. విజిల్ వదిలేసి పదేళ్ళయినా గొంతు మాత్రం మైదానంలోనే ఉండిపోయింది.

"పేరుదేముందమ్మా, తర్వాత మారుస్తాం."

"ముందు మార్చు. నా కోడలి కంట్లో వేసేది మంచి పేరుతో వెయ్యి."

*

చుక్కను మనుషుల మీద పరీక్షించడం మొదలయ్యాక కుముద కూడా అందులో చేరింది, కానీ భార్య ఫైలును భర్త ముట్టుకోకూడదని నియమం. అందుకే కుముద పరీక్షలన్నీ తస్లీమే చూసింది. చుక్క వేసే ముందు కుర్చీ దగ్గరకు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"రెండు విషయాలు చెబుతాను. గడువు మూడు నెలలు. ఈలోపు ఎప్పుడు వద్దనుకున్నా ఇంకో మందు వేసి పొరను కడిగేస్తాను. గడువు దాటితే అది మీ కార్నియాతో కలిసిపోతుంది. ఇక నేనే కాదు, మీ ఆయన కూడా ఏం చెయ్యలేరు."

"రెండోది?"

"దూరపు చూపు వస్తుంది కానీ, మీకు నలభై దాటాయి కదా. చదవడానికి చిన్న అద్దాలు కావాల్సొస్తాయి. ఈ వయసులో అందరికీ వచ్చేదే."

"ఫర్వాలేదండి. అందరికీ వచ్చేదే కదా," అంది కుముద.

కంట్లో చల్లటి వెన్న రాసినట్టయింది. తర్వాత ఆమె గడ్డాన్ని ఒక యంత్రం మీద ఆనించారు. నీలికాంతి కాసేపు వెలిగి ఆగింది. "ఇంక కిటికీలోంచి చూడండి," అంది తస్లీమ్.

ఎదురు మేడ మీద నీళ్ళ ట్యాంకు, దాని మీద ఒక కాకి. కాకి ముక్కులో ఏదో పుల్ల. దాని వెనక సముద్రం, సముద్రం మీద ఓడ, ఓడ పక్కన నిలువుగీతల్లా క్రేన్లు. కుముద అలవాటుగా కళ్ళజోడు సర్దుకోవడానికి చెయ్యెత్తింది. వేళ్ళకు ముక్కు తప్ప ఏమీ తగల్లేదు. అప్పుడు ఏడ్చింది.

నిరంజన్ బయట వరండాలో అటూ ఇటూ నడుస్తున్నాడు. తలుపు తీసుకుని వట్టి కళ్ళతో నడిచొస్తున్న భార్యను చూసి, "మెట్లున్నాయి, జాగ్రత్త," అన్నాడు.

"కనబడుతున్నాయి, నిరంజన్," అంది ఆమె.

ఇంటికెళ్ళే దారంతా కుముద దుకాణాల బోర్డులు పైకి చదువుతూనే ఉంది. టైర్ల కొట్టు, కాజాల కొట్టు, టైలరు పేరు, ఆ బోర్డు కింద చిన్నక్షరాల్లో రాసిన ఫోను నంబరు. మందపాటి అద్దాలు వస్తువులను కాస్త చిన్నవి చేసి చూపిస్తాయట. అవి పోయేసరికి ఇంట్లో అన్నీ పెరిగినట్టున్నాయి. కుర్చీలు పెద్దవి. గిన్నెలు పెద్దవి.

"అత్తయ్యా, మీ ముక్కు ఇంత పెద్దదని నాకిన్నాళ్ళూ తెలీదండి!"

"మా పుట్టింటి ముక్కమ్మా అది. చూసుకో, బాగా చూసుకో," అని సత్యవతి నవ్వుతూ దిష్టి తీసింది.

ఆ తర్వాతి వారాలు పండగలా గడిచాయి. పొద్దున కళ్ళు తెరవగానే ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించేవి. స్నానం చేస్తుంటే నీళ్ళపంపు కనిపించేది. వానలో తలెత్తి నడిచింది. సముద్రంలో నడుము లోతుకు దిగి, అలలో మునిగి లేచి, ఒడ్డున చెప్పులకు కాపలా కూర్చున్న భర్తను గుర్తుపట్టి చెయ్యూపింది. ఒక సాయంత్రం దాబా మీద నిలబడి, దూరంగా వెళ్తున్న కొంగల వరసలో ఒకటి వెనకబడిందని చెప్పింది. నిరంజన్ తలెత్తి చూసి, నిజమేనని తేలాక, కొంగను వదిలేసి ఆమెనే చూస్తూ నిలబడ్డాడు.

*

కుముద ఇప్పుడు బొమ్మలు వేస్తున్నది తీరప్రాంతపు మొక్కల గురించిన పుస్తకానికి, దాని సంపాదకుడు వరప్రసాదరావుగారు. వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ప్రొఫెసరు. ఈ కాలంలో కూడా చేతిబొమ్మలెందుకని ఎవరైనా అడిగితే ఆయన ఒకటే చెప్పేవారు. "కెమెరాకు అన్నీ సమానమేనండి. ఏది ముఖ్యమో చేతికి తెలుస్తుంది."

ఒకనాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు.

"అమ్మా కుముదా, తెల్లమడ బొమ్మ అందింది. ఆకు అడుగున నూగు ఏదమ్మా?"

"వేశాను కదండీ?"

"వెయ్యలేదు. పైన ఆ ఆకు కక్కే ఉప్పు పలుకులకు కూడా ఊరికే చుక్కలు పెట్టేశావు. ఎప్పుడూ ఇలా చెయ్యవు నువ్వు. ఇది ఆకులా ఉందమ్మా, తెల్లమడ ఆకులా లేదు."

కుముద గబగబా బల్ల దగ్గరకెళ్ళింది. నీళ్ళ సీసాలో పెట్టిన కొమ్మ ఇంకా వాడలేదు. ఆకు తుంపి అలవాటుగా కంటి దగ్గరకు తెచ్చుకుంది. బెత్తెడు దూరంలో ఆకు లేదు, పచ్చటి మసక ఉంది. మూరెడు దూరానికి జరిపితే ఆకు కనబడింది, నూగు కనబడలేదు. చదువుకునే అద్దాలు పెట్టుకుంది. కాస్త నయం. భూతద్దం తీసింది. నూగు ఉంది. వెండిపొడి చల్లినట్టు ఒత్తుగా ఉంది. కానీ భూతద్దంలో రూపాయి బిళ్ళంత మేర మాత్రమే తేటగా కనిపిస్తోంది. కాస్త జరిపితే ఒక ఈనె పోయి ఇంకొకటి వస్తోంది. తాళంచెవి కన్నంలోంచి గదిని చూసినట్టుంది. పైగా ఒక చేతిలో అద్దం, ఒక చేతిలో ఆకు. ఇక పెన్సిలెక్కడ పట్టుకోవాలి?

తలకు తగిలించుకునే అద్దాలు తెప్పించింది. వాటితో పని జరిగింది. బొమ్మ మళ్ళీ గీసి పంపితే ప్రొఫెసరుగారు బాగుందన్నారు. పని ఆగిపోయిందని ఆమె ఎవరికీ చెప్పలేదు, ఎందుకంటే ఆగలేదు. పోయింది ఇంకేదో.

చిన్నప్పుడు, ఏడో ఏట కళ్ళజోడు పెట్టేదాకా, కుముదకు తెలిసిన లోకమంతా ఆ బెత్తెడు దూరంలోనే ఉండేది. చీమ మీసాలు, బియ్యపు గింజ చివరి తెల్లటి మచ్చ, నాన్న బొటనవేలి గీతలు. అవి ఎవరూ ఆమెకు చూపించలేదు. అద్దాలొచ్చాక దూరం తెలిసింది. కానీ అవి తీసేసిన ప్రతిసారీ ఆ పాత లోకం అక్కడే ఉండేది. చిత్రకారిణి కావడం కూడా అక్కడే మొదలైంది. ఇన్నాళ్ళూ దాన్ని లోపం అని అందరూ అన్నారు, ఆమె కూడా అనుకుంది. ఇప్పుడు మొదటిసారి ఆకు ముఖానికి ఆనించుకుని ఏమీ కనబడక కూర్చుంటే, తను పోగొట్టుకున్నదేమిటో తెలిసింది.

దాని సంగతి నిరంజన్‌తో చెప్పడానికి రోజూ ప్రయత్నించింది. రోజూ అతను ఏదో సంతోషంగా చెప్పేవాడు. పొరచుక్కకు అనుమతినిచ్చే సంఘం ఏప్రిల్లో వస్తోంది. అంత ఎక్కువ పవరుతో, ఒక్క ఇబ్బందీ లేకుండా గడువు పూర్తి చేసుకుంటున్నది కుముద ఒక్కతే. "నిన్ను చూస్తే చాలు వాళ్ళకి," అనేవాడు.

*

గడువు దగ్గర పడిన ఒక ఆదివారం, భోజనాలయ్యాక, కుముద చెప్పేసింది.

"నిరంజన్, నాకు దగ్గరచూపు కావాలి."

"చదువుకునే అద్దాల పవరు మార్పిద్దాం."

"అది కాదు. నా పాతచూపు. అద్దాల్లేకుండా ఆకును ముక్కు దగ్గర పెట్టుకుంటే కనిపించేదే, అది."

నిరంజన్‌కు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అంటే కడిగించేసుకుంటావా?"

"తెలీదు. అందుకే నీకు చెబుతున్నా."

"కుముదా, ఇరవయ్యేళ్ళు నువ్వు పొద్దున లేచి మంచం పక్కన కళ్ళజోడు కోసం తడుముకోవడం చూశాను. ఆ చెయ్యి చూడలేక మొదలుపెట్టాను ఈ పని. లోకం కోసం కాదు, సంఘం కోసం కాదు. ఒక్క మనిషి కోసం. ఆ మనిషే వద్దంటే..."

"వద్దనట్లేదు. ఆ కొంగలు, ఆ ఓడలు, అవన్నీ నువ్వే ఇచ్చావు. కానీ నువ్వు ఆ చేప పొర గురించి ఎక్కడ చదివావు? నా బొమ్మ పక్కన. అది ఏ కళ్ళతో చూశాననుకున్నావ్?"

నిరంజన్ లేచి కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టాడు. కడగక్కర్లేని గ్లాసు కూడా కడిగాడు. "ఆలోచించుకుని చెప్పు," అని చెప్పులు వేసుకుని బయటికెళ్ళిపోయాడు. సత్యవతి వాకిట్లోంచి అంతా వింది. వాళ్ళిద్దరూ కాలేజీ రోజుల నుంచి పోట్లాడుకోవడం ఆవిడ చూసింది. కానీ కొడుకు ఇలా మాట మింగేసి వెళ్ళిపోవడం ఇదే మొదటిసారి. కోడలి పక్కన వచ్చి కూర్చుంది.

"వాడు నువ్వు చెప్పేది వినలేదని కాదమ్మా. వాడికి కనబడలేదు. చిన్నప్పట్నుంచీ వాడివి రాయిలాంటి కళ్ళు. మసకంటే వాడికి పేరే తెలుసు."

మర్నాడు కుముద ఆ మాటనే తస్లీమ్‌కు చెప్పింది. తస్లీమ్ సొరుగులోంచి, పవరు పరీక్షించేటప్పుడు పెట్టే గుండ్రటి ఇనుప ఫ్రేము తీసింది. అందులో రెండు ఉబ్బెత్తు అద్దాలు బిగించింది.

"ప్లస్ పదకొండు. మామూలు కళ్ళున్నవాళ్ళు ఇవి పెట్టుకుంటే సరిగ్గా మీ పాత కళ్ళే. మీ ఆయన చేత పెట్టించండి, మీకైతే ఇదీ ఇంకో అద్దమే అవుతుంది. నేను ముప్పై ఏళ్ళుగా కళ్ళు చూస్తున్నాను. ఇది ఎవరి చేతా పెట్టించాలని నాకూ తోచలేదు. తప్పు నాదీ ఉంది, కుముదగారూ. 'అందరికీ వచ్చేదే' అన్నాను. మీరు అద్దాలు తీసేసి ఏం చేస్తారని అడగలేదు."

*

నిరంజన్ ఆ ఫ్రేమును వద్దనలేదు. కోపమున్నా అతను పరిశోధకుడే. మంగళవారం పొద్దున టిఫినయ్యాక పెట్టుకున్నాడు.

లేచి నడవబోయి బల్లకు మోకాలు తగిలించుకున్నాడు. తలుపనుకుని బీరువా పిడి లాగాడు. కాఫీ కప్పు అందుకోబోయి చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టాడు. సత్యవతి ఇక ఆపుకోలేక నవ్వింది. "లెఫ్ట్... రైట్... లెఫ్ట్... ఒరేయ్, అటు గోడరా!" అని డ్రిల్లు చెప్పడం మొదలుపెట్టింది. చివరికి నిరంజన్ కూడా నవ్వాడు. ఆ తర్వాత కాస్సేపటికి నవ్వు తగ్గింది. "ఇలా ఉంటుందా? వంతెన మీద అంతసేపు ఇలాగే కూచున్నావా?"

"కూచున్నా. రా, ఇటు కూచో."

చెయ్యి పట్టుకుని తన బల్ల దగ్గర కూర్చోబెట్టింది. తెల్లమడ ఆకు అతని చేతికిచ్చి, ఆ చేతిని నెమ్మదిగా అతని కంటి దగ్గరకు జరిపింది. "ఇంకా దగ్గరికి. ఇంకా. ముక్కుకు తగిలేలా. ఆఁ, అక్కడ ఆగు."

నిరంజన్ ఆకును అక్కడే ఆపాడు.

చుట్టూ ఉన్న మసకంతా ఒక్క చోట విడిపోయి, ఆకు తేలింది. మామూలుగా చూసే ఆకు కాదు. ఎత్తుపల్లాలున్న నేల. ఈనెల వెంట దారులు, దారుల వెంట ఉప్పు పలుకులు. అవి చుక్కలు కావు, అంచులు తీర్చిన చిన్న చిన్న గాజు పెట్టెలు. కిటికీ వెలుగు ఒక్కో దాంట్లోంచి ఒక్కోలా విరుగుతోంది. ఆకు తిప్పితే అడుగున వెండి నూగు గాలికి వాలిన గడ్డిలా ఒకే వైపుకి వంగి ఉంది. అతను మైక్రోస్కోపులో ఇంతకన్నా చిన్నవి వేలసార్లు చూశాడు. కానీ అక్కడ తను బయట నిలబడి చూసేవాడు. ఇక్కడ ఫ్రేము పెట్టుకున్న సంగతే మరిచిపోయాడు. కంటికీ ఆకుకూ మధ్య తన ఊపిరి తప్ప ఏమీ లేనట్టుంది.

"ఇవి పెట్టెల్లా ఉన్నాయే," అన్నాడు చాలాసేపటికి.

"అవును. ఎండ ఎక్కితే ఇంకా పెద్దవవుతాయి."

ఆకు కింద పెట్టి ఆమె చెయ్యి తీసుకుని అలాగే దగ్గరగా చూశాడు. నడిమివేలు పక్కన, పెన్సిలు ఒరుసుకునే చోట, కాయ కాచిన చర్మం. అందులో ఇంకిపోయిన నల్లటి పొడి. ఆ చేతిని అతను వేలసార్లు పట్టుకున్నాడు. చూడటం ఇప్పుడే.

ఫ్రేము తీసి ఒళ్ళో పెట్టుకుని చెప్పాడు, "రేపే కడిగిద్దాం. రెండూ."

కుముద కిటికీ దగ్గరకెళ్ళింది. ఇళ్ళ వరసల మీదుగా సన్నటి నీలిగీతలా సముద్రం, దాని మీద ఓడ. దాన్ని చూస్తే ఆమెకు ఇప్పటికీ గుండె జల్లుమంటోంది. మళ్ళీ మందపాటి అద్దాల వెనక్కి, ముడుచుకుపోయిన ఆ చిన్న లోకంలోకి వెళ్ళాలంటే కాళ్ళు రావట్లేదు.

"నాకు ఓడలు కూడా కావాలి, నిరంజన్."

"రెండూ ఎలా కుదురుతాయి?"

"కళ్ళు రెండున్నాయి కదా."

తస్లీమ్ మొదట ఒప్పుకోలేదు. ఒక కన్ను దూరానికీ ఒకటి దగ్గరకూ ఉంచుకునేవాళ్ళు ఉన్నారు. కానీ ఇంత తేడాతో అంటే, రెండు కళ్ళూ కలిసి చూస్తేనే తెలిసే లోతు తెలియకుండా పోతుంది. మెట్లు మోసం చేస్తాయి. కాఫీ కప్పు బయట పోస్తారు. స్కూటరు మానెయ్యాలి. మొదట్లో తలనొప్పులు కూడా. వీటిలో దేన్నీ ఆవిడ తగ్గించి చెప్పలేదు. ఎడమ కంటికి నల్లటి గుడ్డ కట్టి ఒకరోజు, తెల్లటి మసక అద్దం పెట్టి కొన్నాళ్ళు కుముద చేత ఇంట్లోనూ వీధిలోనూ నడిపించి చూసింది. అన్నీ అయ్యాక మళ్ళీ అడిగింది.

"స్కూటరు మానేస్తాను," అంది కుముద. "నడవడం నాకిష్టమే."

గడువింకా ఉండగానే ఎడమ కంటి పొరను కడిగేశారు. కుడి కంటి పొరను ఉంచేశారు.

తలనొప్పులు వచ్చాయి. చెప్పినట్టే కాఫీ బల్ల మీద పోసింది. గుమ్మం మెట్టు మీద రెండుసార్లు తూలింది. ఇంట్లో మెట్ల అంచులన్నిటికీ నిరంజన్ తెల్లరంగు వేశాడు. ఎవరూ అడక్కుండానే వేశాడు, కుదురుగా వెయ్యడం రాక నేలంతా మరకలు చేశాడు. నెమ్మదిగా కుముద మెదడు ఏ కంటి మాట ఎప్పుడు వినాలో నేర్చుకుంది. బొమ్మ గీసేటప్పుడు కుడి కన్ను మూసుకుంటే చాలు, పాత లోకం తలుపు తెరుచుకునేది. చాలా రోజులకు మొదటిసారి ఆకును ముఖానికి ఆనించుకున్న పొద్దున, ఆమె ఏమీ గీయలేదు. ఊరికే చూస్తూ కూర్చుంది.

*

అనుమతుల సంఘం వచ్చింది. ఆరుగురు పెద్దలు, అందరూ తమ రంగాల్లో పేరున్నవాళ్ళు. నిరంజన్ లెక్కలన్నీ వివరించాడు. చివరికి, వెనక వరసలో కూర్చున్న కుముద వివరాలు చూపించి, ఎడమ కంటి పొర కడిగించేసుకుందని కూడా చెప్పాడు.

"దుష్ఫలితమా?" అనడిగాడు అధ్యక్షుడు.

"కాదండి. మేము ఆమె దగ్గర్నుంచి తీసేసుకున్నది ఒకటుంది. తీసేసుకున్నట్టు మాకు తెలియలేదు."

"అంత పవరున్న కంట్లో పోగొట్టుకోవడానికి ఏముంటుంది, డాక్టర్?"

నిరంజన్ తస్లీమ్ కేసి చూశాడు. ఆవిడ అట్టపెట్టె తెరిచింది. ఎవరి కంటికి తగ్గట్టు వాళ్ళకు అద్దాలు సిద్ధం చేసి తెచ్చింది. కాసేపటికి ఆ పెద్దలు ఆరుగురూ బల్ల చుట్టూ వరసగా కూర్చుని, ఇనుప ఫ్రేములు పెట్టుకుని, తలా ఒక ఆకు ముక్కుకు ఆనించుకున్నారు. అధ్యక్షుడు కాసేపటికి తన చొక్కా బొత్తాన్ని, తర్వాత పక్కాయన చేతిగడియారాన్ని దగ్గరకు లాక్కుని చూడటం మొదలుపెట్టాడు.

అనుమతి ఆ రోజు రాలేదు. ఏడాదిపాటు వాయిదా పడింది. ఎక్కువ పవరున్న ప్రతి ఒక్కరినీ, అద్దాలు తీసేసి వాళ్ళు ఏం చూస్తారో, ఏం చేస్తారో ముందుగా అడగాలన్నారు. ఒక కంటికే వేసి చూసే పద్ధతి మీద కూడా పరీక్షలు జరపాలన్నారు. ఆ ఏడాదిలో తన పేరు ఎక్కాల్సిన చోట వేరేవాళ్ళ పేరు ఎక్కవచ్చని నిరంజన్‌కు తెలుసు. కారెక్కాక కాసేపు స్టీరింగు పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

"బాధగా ఉందా?" అంది కుముద.

"ఉంది," అన్నాడు. "అయితే నేను అనుకున్నంత లేదు. ఆయన బొత్తాం చూసుకున్నాడు, చూశావా?"

"చూశా. దూరం నుంచి."

ఇద్దరూ నవ్వారు. కారు కదిలింది.

*

మే నెలలో సత్యవతి దాబా మీద పాతచీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టింది. కుముద గోడ నీడన కూర్చుని, మడ అడవి నుంచి తెచ్చిన ఉప్పుపొన్న పువ్వు గీస్తోంది.

"అమ్మాయ్, వడియాలకి చీమలు పట్టాయేమో చూడు."

కుముద కుడి కన్ను మూసి చీర మీదికి వంగింది. వడియం మీద జీలకర్ర గింజ చారలు, అంచున ఎండుతూ పగులుతున్న పిండి. "చీమల్లేవండి. ఒక చిన్న పురుగుంది, తీసేశా. ఆకుపచ్చ రెక్కలు, ఎంత బాగుందో!"

"దాని అందం తర్వాత. వానేమైనా వస్తుందా?"

కుముద లేచి నిలబడి సముద్రం వైపు చూసింది. ఎండ తెల్లగా కాస్తోంది. కానీ చాలా దూరంలో, నీళ్ళకూ ఆకాశానికీ మధ్య, సన్నటి నల్లటి అంచు ఒకటి లేస్తోంది. ఆ అంచు కింద ఒక పడవ తెరచాప దించుకుంటోంది.

"వస్తోంది అత్తయ్యా. గాలివాన!"

"నాకేం కనబడ్డం లేదే? ఒరేయ్ నిరంజన్, పైకి రా, వడియాలు!" అని సత్యవతి కేక వేసింది. ఆ కేక మూడు వీధులకు వినబడి ఉంటుంది.

నిరంజన్ లుంగీ ఎగ్గట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. ముగ్గురూ చీర కొసలు పట్టుకుని, వడియాలు ఒకచోటికి జారకుండా మెట్ల దాకా నడిచారు. అక్కడ కుముద ఆగింది. నిరంజన్ ఏమీ అనకుండా తన కొసతో ఒక మెట్టు ముందుకు దిగి, భుజం ఆమె చేతికి అందేలా నిలబడ్డాడు. ఆమె చెయ్యి వేసింది. చివరి మెట్టు దిగేసరికి మొదటి గాలి తలుపుల్ని టపటపా కొట్టింది. చీర విప్పి చూస్తే ఒక్క వడియం కూడా తడవలేదు.

"చూశావురా?" అంది సత్యవతి కొడుకుతో, కోడలి కుడి కన్ను చూపించి, కొంగుతో చెమట తుడుచుకుంటూ. "నువ్వు కనిపెట్టిన వాటన్నిట్లోకీ పనికొచ్చింది ఇదొక్కటే."